కాటు గుర్తు లేదు, వాపు లేదు, తెల్లవారుజామున కడుపునొప్పి: ఇది నిజంగా పాము కాటేనా?

ప్రశ్న
రాసినవారు: మిల్లు లెక్కలు

నేను బుచ్చిరెడ్డిపాళెంలో ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తాను. సొంత ఊరు సంగం దగ్గర పల్లె. లోడు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు దిగింది అని గంటలు నిమిషాలతో సహా రాయడం నా ఉద్యోగం. ఆ అలవాటు కొద్దీ మా నాన్నకు జరిగినదంతా కూడా ఫోనులో సమయాలతో రాసిపెట్టాను. అవి చూపించి అడిగితే ఊళ్లో తలా ఒక మాట అంటున్నారు. తెలిసినవాళ్లు ఎవరైనా చెబుతారని ఇక్కడ పెడుతున్నాను.

ఎడగారు కోత అయిపోయింది. ఆరు పుట్ల ధాన్యం కల్లంలో రాశి పోసి ఉంది. వేరే జిల్లాల వాళ్లకు తెలియకపోతే, మా నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. మబ్బు పట్టిందని నాన్న రాశి మీద పట్టలు కప్పి, మిగిలిన ఒక పట్టను నేల మీద పరుచుకుని కావలి పడుకున్నాడు. వయసు 61. బీపీ లేదు, షుగరు లేదు. రాత్రి తిన్నది ముందురోజు వండిన చేపల పులుసు. మరునాటికి దాని రుచి పెరుగుతుందని నెల్లూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మొదటి నేరం ఆ పులుసు మీదే పడింది.

3:40కి కడుపులో మెలిపెడుతోందని లేచి ఇంటికి నడిచి వచ్చాడు. అర కిలోమీటరు దూరం. ఒకసారి వాంతి అయింది. అమ్మ వాము నీళ్లు ఇచ్చింది, నేను గ్యాసు మాత్ర ఇచ్చాను. 5:05కి ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి కడుపునొప్పికి ఇంజెక్షన్ వేశారు. 5:50కి నాన్న ట్యూబులైటు రెండుగా కనిపిస్తోందన్నాడు. 6:10కి నీళ్లు తాగబోతే ముక్కులోంచి వచ్చాయి, మాట కూడా ముక్కుతో మాట్లాడినట్టు వచ్చింది. కళ్లు మూతలు పడుతుంటే అమ్మ, "రాత్రంతా నిద్ర లేదు, కాసేపు పడుకోనివ్వండి" అంది. ఇంజెక్షన్ వేసిన ఆయన కూడా అదే మాట అన్నారు. నేనూ అవునన్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ చేయి ఆడటం లేదు.

6:40కి లేపితే లేవడానికి ఒంట్లో సత్తువ లేదు. కారు మాట్లాడుకుని పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. పక్షవాతం అనుమానమని తలకు స్కానింగ్ తీశారు. ఏమీ లేదు. 8:00కి నోట్లో ఉమ్మి నిండిపోయి గురక లాంటి చప్పుడు మొదలైంది. అక్కడినుంచి ఇంకో ఆసుపత్రికి పంపారు.

8:20కి అక్కడ డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. నోట్లోంచి ఉమ్మి గొట్టంతో తీయించింది. నాడి చూస్తూ నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "రాత్రి మంచం మీద పడుకున్నారా, నేల మీదా?" తర్వాత తన పెన్ను నాన్న నుదుటి పైకెత్తి పట్టుకుని దాన్నే చూడమంది. నాన్న చూశాడు. అర నిమిషంలో రెండు రెప్పలూ, వాన నీళ్లు నిలిచిన పట్ట బరువుకు జారినట్టు, నెమ్మదిగా కిందికి వచ్చేశాయి. తల దిండు మీదనుంచి ఎత్తమంది. ఎత్తలేకపోయాడు. ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంది. నాన్న జీవితమంతా ధాన్యం కొలిచిన మనిషి, కొలతలో ఒకటికి బదులు లాభం అనడమే అలవాటు. "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టాడు. ఆవిడకు అర్థం కాక ఒకటి నుంచి చెప్పమంది. మళ్లీ లాభం అనే మొదలుపెట్టాడు. ఎనిమిది దగ్గర ఊపిరి అయిపోయింది.

"పాము కాటు, కట్లపాము అయి ఉండాలి" అంది. ఒళ్లంతా వెతికితే ఎక్కడా గాటు లేదు. గాజు గొట్టంలో రక్తం తీసి పెట్టారు, మామూలుగానే గడ్డకట్టింది. అయినా పది సీసాల విరుగుడు మందు ఎక్కించారు. 9:15కి ఊపిరి చాలక గొంతులో గొట్టం వేసి వెంటిలేటరు పెట్టారు. గంటన్నర తర్వాత ఇంకో పది సీసాలు. ఇంకేదో ఇంజెక్షన్ మూడుసార్లు వేసి చూసి, మార్పు లేదని ఆపేశారు. ఐదు రోజులు కన్ను తెరవలేదు. ఆరో రోజు గొట్టం తీశారు, పదో రోజు ఇంటికి పంపారు. ఇప్పుడు నడుస్తున్నాడు, తింటున్నాడు.

మా చిన్నాన్న మాత్రం అది పక్షవాతమేనని, పాము పేరు చెప్పి డబ్బు గుంజారని అందరికీ చెబుతున్నాడు. గాటు లేదు, వాపు లేదు, రక్త పరీక్ష బాగుంది, మరి పాము ఎక్కడిది అంటాడు. జవాబు నా దగ్గర లేదు. ఇంకో సందేహం: అది పామే అయితే ఇరవై సీసాల విరుగుడు ఎక్కించినా ఐదు రోజులు ఎందుకు లేవలేదు? మందు నాసిరకమా? 3:40 నుంచి 8:20 దాకా పోయిన ఆ సమయానికి ఎవరిని అడగాలో కూడా చెప్పండి. ఇంజెక్షన్ వేసిన ఆయన ఇంటి ముందునుంచే రోజూ మిల్లుకు వెళ్తాను.


జవాబు
రాసినవారు: మెట్ట రైతు

అన్నా, మాది ఉదయగిరి వైపు. మూడేళ్ల కిందట నాకు రక్తపింజరి కరిచింది. పాము కాటు అంటే ఎలా ఉంటుందో ఒంటితో తెలిసినవాణ్ణి. పాదం నుంచి మోకాలి దాకా గంటలో గుమ్మడికాయలా వాచింది. చిగుళ్లలోంచి నెత్తురు. మీరు చెప్పిన గాజు గొట్టం పరీక్ష నాకూ చేశారు. 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచితే నెత్తురు నీళ్లలా పారింది. మందు ఎక్కించి, ఆరు గంటలు ఆగి మళ్లీ అదే పరీక్ష చేసి, మళ్లీ ఎక్కించారు.

మీ నాన్నకు ఇందులో ఒక్కటీ లేదు. నాకైతే మీ చిన్నాన్న మాటే నిజమనిపిస్తోంది. మా పక్క ఊళ్లో పసరు పోసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఆయన చేతిలో వందమంది బతికారని చెబుతారు. నేను ఆసుపత్రికే వెళ్లాననుకోండి. కానీ ఆయన దగ్గరికి వెళ్లినవాళ్లకు ఇన్ని గొట్టాలు వేయలేదు మరి.


జవాబు
రాసినవారు: పాత క్యాజువాలిటీ

మిల్లు లెక్కలు గారూ, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ భాగం ప్రకాశం, నెల్లూరు జిల్లాల క్యాజువాలిటీల్లోనే గడిచింది. మీ నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి చూసిన డాక్టరమ్మ మాటే చివరి మాట. అయినా "పట్ట నేల మీద పరుచుకుని" అన్న దగ్గరే నాకు అనుమానం మొదలైంది, ట్యూబులైటు రెండుగా కనిపించిన దగ్గర అది తీరిపోయింది. మీ చిన్నాన్న గారికి చూపించాల్సిన సాక్ష్యం మీ ఫోనులోనే ఉంది. ఆ సమయాలు చెరపకండి.

ముందు మెట్ట రైతు గారికి. మీ కాలు మీకు నేర్పింది పింజరి పాఠం. కట్లపాముది వేరే పాఠం. పింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, కరిచిన చోట కండను తినేస్తుంది. గాజు గొట్టం పరీక్ష దానికోసమే. అది కూడా కొత్త, పొడి గాజు గొట్టంలో చేయాలి. సబ్బుతో కడిగినదో, ప్లాస్టిక్‌దో అయితే ఫలితాన్ని నమ్మడానికి లేదు. కట్లపాము, నాగుపాము విషాలు ప్రధానంగా నరాల మీద పనిచేస్తాయి. అందుకని కట్లపాము కాటులో రక్తం చక్కగా గడ్డకడుతుంది. ఆ పరీక్ష బాగుంటే పింజరి విషం కనబడలేదని అర్థం, అంతే. అసలు పామే కాదని చెప్పే పరీక్ష అది కాదు.

ఇక గాటు. కట్లపాము కోరలు చిన్నవి, సన్నవి. అది రాత్రి తిరిగే పాము. ధాన్యం రాశి ఉన్నచోట ఎలుకలు ఉంటాయి, ఎలుకలున్నచోటికి పాములు వస్తాయి. నేల మీద పడుకున్న మనిషి నిద్రలో ఒత్తిగిల్లి దాని మీద చేయో కాలో వేస్తాడు. అది కరుస్తుంది, దోమ కుట్టిందనుకుని గోక్కుని మళ్లీ పడుకుంటాడు. నొప్పి ఉండదు, వాపు ఉండదు. రెండు మూడు గంటలకు కడుపునొప్పితో లేస్తాడు. నేను చూసినవాళ్లలో చాలామంది గాటు చూపించలేకపోయారు. మేము టార్చి వేసి వేళ్ల సందులు, చెవి వెనక, జుట్టు లోపల వెతికేవాళ్లం. దొరకలేదని మాత్రం మందు ఆపేవాళ్లం కాదు.

పక్షవాతం సంగతి. పేరులోనే పక్షం ఉంది, అంటే ఒక పక్క. మూతి ఒక వైపు వంకర పోవడం, ఒక చేయి, ఒక కాలు పడిపోవడం దాని నడక. రెండు రెప్పలూ ఒకే తీరుగా వాలిపోయి, వస్తువులు రెండుగా కనబడి, మింగుడు పడక, మాట ముక్కులోంచి వస్తూ, తెలివి మాత్రం నిక్షేపంగా ఉంటే నేను ముందు పాము గురించే ఆలోచిస్తాను. మెదడు అడుగు భాగంలో వచ్చే స్ట్రోకు కొన్నిసార్లు ఇదే వేషం వేస్తుంది. అందుకే స్కానింగ్ తీసిన ఆసుపత్రిని నేను తప్పుపట్టను. మింగలేని మనిషిని, నోట్లో ఉమ్మి ఊరుతున్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి ఫిల్ము కోసం ఎదురుచూడటం మాత్రం తప్పు. స్కానింగ్ గదిలో ఊపిరాడక పోతే ఆ ఫిల్ము ఎవరికి?

రైతు కుటుంబం అనగానే పురుగుమందు అనుమానం కూడా రావాలి. అందులో కంటిపాప సూదిమొనంత అవుతుంది, చెమటలు పడతాయి, వాసన చెబుతుంది. కాళ్లలో మొదలై పైకి పాకే నరాల జబ్బు ఇంకొకటి ఉంది, అది గంటల్లో కాదు, సాధారణంగా రోజుల్లో పెరుగుతుంది. కట్లపాము కళ్ల దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతుంది: రెప్పలు, గొంతు, మెడ, ఛాతీ. డాక్టరమ్మ పెన్ను, దిండు, అంకెలు అని మూడు పరీక్షలు చేసిందే, ఆ మూడూ సరిగ్గా ఆ మెట్ల వరసే. ఒక్క పైసా ఖర్చు లేని పరీక్షలు. ఒక్క ఊపిరిలో ఎనిమిది దాటలేదంటే గొట్టం సిద్ధం చేసుకోవాలని ఆవిడకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. "లాభం" అన్నదగ్గర ఆపకుండా ఉంటే ఇంకో రెండు అంకెలు వచ్చేవేమో, అది వేరే సంగతి.

ఇరవై సీసాల విరుగుడు పనిచేయలేదా అన్నారు. మీ మిల్లు భాషలోనే చెబుతాను. నరం చివర చిన్న చిన్న గోడౌన్లు ఉంటాయి. అక్కడినుంచి ఎసిటైల్‌కోలిన్ అనే సరుకు బస్తాల్లో బయటికొచ్చి కండ వాకిట్లో దిగితేనే కండ కదులుతుంది. నాగుపాము విషం కండ వాకిలికి అడ్డంగా కూర్చుంటుంది. నియోస్టిగ్మిన్ అనే ఇంజెక్షన్ వేస్తే దిగిన సరుకు పాడవకుండా పేరుకుని, అడ్డాన్ని తోసుకుని లోపలికి పోతుంది. గుండె మరీ నెమ్మదించకుండా దాని ముందు అట్రోపిన్ వేస్తారు. మీ నాన్నకు మూడుసార్లు వేసి ఆపేసిన మందు అదే అయి ఉంటుంది. కట్లపాము విషం ముఖ్యంగా కాల్చేది గోడౌన్‌నే. వాకిలి ఖాళీగానే ఉంటుంది, దిగడానికి సరుకు ఉండదు. కాలిన గోడౌన్ శరీరం మళ్లీ కట్టుకోవాలి. దానికి రోజులు పడుతుంది. అంతదాకా ఊపిరి యంత్రం తీసుకోవాలి.

విరుగుడు మందు చేసేది ఒక్కటే పని. రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది. అప్పటికే నరం చివర చేరి చేసిన నష్టాన్ని వెనక్కి తిప్పలేదు. అందువల్ల మందు నాసిరకం అనకండి. మనకు దొరికేది నాలుగు పాములకు కలిపి చేసిన మందు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. దీనికి కావలసిన విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గర వడనెమ్మేలిలో 1978లో పెట్టుకున్న సహకార సంఘం ద్వారా ఇరుళ తెగవాళ్లు పాములు పట్టి తీసేది. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి మందు తయారుచేస్తారు. మన నెల్లూరు యానాదుల్లోనూ ఆ చెయ్యి తిరిగినవాళ్లను చూశాను. వాళ్లలో ఒకాయన నాకు నీరుకట్టెకూ కట్లపాముకూ తేడా చూపించాడు. ఆ పాఠం కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

పసరు మాటకొస్తే, మన పొలాల్లో తిరిగే పాముల్లో ఎక్కువ వాటికి విషం లేదు. విషం ఉన్న పాము కరిచినా ప్రతిసారీ విషం దింపదు. పసరు పోసే ఆయన చేతిలో బతికిన వందమందిలో తొంభైమంది ఏమీ చేయకుండా కూర్చున్నా బతికేవారని నా నమ్మకం. మిగిలినవాళ్ల లెక్క ఆయన రాసుకోడు. మిల్లు లెక్కలు గారు ఇక్కడ ఆయనకు పనికొస్తారు.

వెంటిలేటరు అంటే దోపిడీ అనుకునేవాళ్లు దాని ముందు కాలం చూసి ఉండాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆసుపత్రిలో వెంటిలేటరు లేదు. ఉన్నది అంబు బ్యాగు, అంటే చేత్తో నొక్కే రబ్బరు సంచి. ఒక రాత్రి పొలం కాపలా పడుకున్న ఇరవై ఏళ్ల కుర్రవాడు ఊపిరి ఆగే స్థితిలో వచ్చాడు. గొట్టం వేశాను. జీపులో నెల్లూరు పంపాలి. నేనూ, వార్డు బాయ్, కుర్రవాడి అన్న వంతులవారీగా నొక్కుతూ వచ్చాం. ఐదు అంకెలకు ఒక నొక్కు. గతుకుల్లో అంకె తప్పితే అన్న మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టేవాడు. తెల్లవారేసరికి అతని బొటనవేళ్లు రెండూ కమిలి బొబ్బలెక్కాయి. కుర్రవాడు బతికాడు. అప్పట్లో మా దగ్గర ఉన్న వెంటిలేటరు ఆ అన్న బొటనవేళ్లే.

ఇక ఎవరిని అడగాలన్నది. దానికి ముందు నా సంగతి ఒకటి. అదే రోజుల్లో ఇంకో తెల్లవారుజామున పదమూడేళ్ల పాప కడుపునొప్పితో వచ్చింది. పొట్ట నొక్కి చూశాను, మెత్తగా ఉంది. యాసిడ్ తగ్గే మందిచ్చి పంపేశాను. రాత్రి ఎక్కడ పడుకున్నావని అడగలేదు. రెప్పలు చూడలేదు. తొమ్మిదింటికి మళ్లీ తెచ్చారు. అప్పటికి చేయడానికి ఏమీ లేదు. ఆ తర్వాత తెల్లవారుజామున కడుపునొప్పి అని ఎవరు వచ్చినా పొట్ట కంటే ముందు కళ్లు చూశాను. అందుకని మీ ఊరి ఆయన 5:05కి వేసిన ఇంజెక్షన్ను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆ సమయానికి కడుపునొప్పి, ఒక వాంతి తప్ప ఇంకేమీ లేవు. 6:10కి నీళ్లు ముక్కులోంచి వచ్చాక కూడా పడుకోనివ్వమన్నారే, అది తప్పు. ఆయన ఇంటి ముందునుంచి వెళ్లేటప్పుడు ఆగి ఆ ఒక్క మాట చెప్పండి. కోపంగా కాదు. తర్వాతి పేషెంటు కూడా ముందు ఆయన దగ్గరికే వెళ్తాడు.


జవాబు
రాసినవారు: ఐసీయూ సిస్టరు

డాక్టరు గారు రాసిన దానికి ఒక్కటే కలుపుతాను. కట్లపాము కాటుతో వెంటిలేటరు మీద ఉన్నవాళ్లు నిద్రలో ఉన్నట్టు కనిపిస్తారు కానీ, మేము మత్తు ఇవ్వకపోతే చాలాసార్లు లోపల మెలకువగానే ఉంటారు. రెప్ప ఎత్తలేరు, వేలు కదపలేరు, చెవులు మాత్రం పనిచేస్తాయి. కంటిపాపలు పెద్దవై టార్చి వేసినా కదలకపోవచ్చు. అది చూసి మెదడు పోయిందని పొరపడే ప్రమాదం ఉంది. అందుకే మా దగ్గర పాము కాటు కేసులో ఆ మాట ఎవరూ తొందరపడి అనకూడదు.

మేము చేసే పని చెబుతాను. రెప్పలు మూసి పైన మెత్తటి టేపు వేస్తాం, లేకపోతే కన్ను ఎండి పుండు పడుతుంది. గంటగంటకూ చుక్కలు. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతాం. ప్రతిసారీ పేరు పెట్టి పిలిచి, "ఇప్పుడు ఎడమవైపు తిప్పుతున్నాం" అని చెప్పే తిప్పుతాం. మొదట ఎక్కడో ఒక కాలి వేలో, కనుబొమ్మో కదులుతుంది. అది దొరికిందంటే మాకు పండగే. "అవును అయితే ఒకసారి, కాదు అయితే రెండుసార్లు" అని నేర్పి మాట్లాడతాం. ఒక పెద్దాయన అలా కాలి బొటనవేలితో మాకు చెప్పిన మొదటి సంగతి, వీపు కింద దుప్పటి మడత పడి గుచ్చుకుంటోందని. ఎన్ని గంటలు ఓర్చుకున్నాడో.

విరుగుడు ఎక్కించే మొదటి గంట కూడా మేము మంచం వదలం. గుర్రం నుంచి వచ్చిన మందు కాబట్టి కొందరికి దద్దుర్లు, వణుకు, ఆయాసం వస్తాయి. అలా వస్తే ఎక్కించడం ఆపి, తొడ కండలో అడ్రినలిన్ వేసి, కుదుటపడ్డాక మళ్లీ మొదలుపెడతాం. చిన్నపిల్లలకు కూడా పెద్దలకు ఇచ్చినన్ని సీసాలే. పాము పిల్లవాడని చూసి విషం తగ్గించదు కదా.

మిల్లు లెక్కలు గారూ, మీ నాన్నగారికి ఆ ఐదు రోజుల్లో ఏమైనా గుర్తుందేమో అడిగారా?


జవాబు
రాసినవారు: అంబులెన్సు ఉద్యోగి

కావలి, ఆత్మకూరు రోడ్ల మీద 108లో పదకొండేళ్లుగా తిరుగుతున్నాను. దారిలో చేయవలసింది మాత్రమే చెబుతాను.

మింగలేని మనిషికి నీళ్లు, పాలు, వాము కషాయం, ఏదీ పోయకండి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఉమ్మి బయటికి కారిపోతుంది. కరిచిన చోటు తెలిస్తే విరిగిన ఎముకకు కట్టినట్టు అట్టముక్కో కర్రో పెట్టి కదలకుండా కట్టండి, బిగించకండి. కోయకండి, పీల్చకండి. ఇంట్లోవాళ్లు ముందే తాడుతో గట్టిగా బిగించి ఉంటే దాన్ని దారిలో మేము కూడా గబుక్కున విప్పం. విప్పగానే ఆగి ఉన్న విషం ఒక్కసారిగా పైకి పోవచ్చు. మందు సిద్ధంగా ఉన్న చోట డాక్టరు ఎదురుగా విప్పాలి.

పామును చంపి సంచిలో తేవద్దని ఎన్నిసార్లు చెప్పినా తెస్తారు. పోయినేడాది ఒకాయన తెచ్చిన సంచి అంబులెన్సు సీటు కింద కదిలింది. మా డ్రైవరు తలుపు తీసి రోడ్డు మీదికి దూకాడు.

ఇంకొకటి. పెద్దది, దగ్గరిది అని చూడకండి. "విరుగుడు ఉందా, వెంటిలేటరు ఖాళీ ఉందా" అని ముందే ఫోను చేసి కనుక్కుని బయలుదేరండి. వెంటిలేటరు దూరంగా ఉంటే, దగ్గర్లో విరుగుడు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో మొదటి మోతాదు మొదలుపెట్టించుకుని, ఊపిరి చూసుకునే మనిషిని వెంటబెట్టుకుని ముందుకు వెళ్లండి. మీ విషయంలో రెండు ఆసుపత్రులు తిరిగి ఎక్కువ సమయం పోయింది.


జవాబు
రాసినవారు: మిల్లు లెక్కలు

అందరికీ నమస్కారం. డాక్టరు గారి జవాబు కాగితం మీద తీయించి మా చిన్నాన్నకు ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. గోడౌన్ మాట ఆయనకు బాగా ఎక్కినట్టుంది, నిన్న టీ కొట్టు దగ్గర ఎవరికో అదే చెబుతున్నాడు, తనకు ముందే తెలిసినట్టు.

సిస్టరు గారూ, మీరు అడగమన్నాక నాన్నను అడిగాను. నేను ఊహించిన దానికంటే ఎక్కువే గుర్తుంది. గొట్టంతో గొంతు శుభ్రం చేసిన ప్రతిసారీ చచ్చిపోతున్నాననుకున్నాడట. రాత్రి డ్యూటీలో ఒక సిస్టరు పని చేసుకుంటూ సన్నగా పాడుకునేదట, ఆవిడ వచ్చిందంటే రాత్రయిందని లెక్క పెట్టుకున్నాడట. రెండో రోజు చిన్నాన్న మంచం పక్కన నిలబడి నాతో, "ఇక లాభం లేదురా" అన్నాడు. అది నాన్న విన్నాడు. గొట్టం తీశాక గొంతు రాక బొంగురుగా అడిగిన మొదటి మాట, "పుట్టి ఎంతకు పోయింది?" అని. ధాన్యం ఇంకా అమ్మలేదని చెప్పాను. "మరి మీ చిన్నాన్న లాభం లేదన్నాడే?" అన్నాడు. ధర పడిపోయిందేమోనని మూడు రోజులు లోపల లోపలే బెంగపడ్డాడట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చిన్నాన్న వరండాలోకి వెళ్లిపోయాడు.

ఇంజెక్షన్ వేసిన ఆయన దగ్గర నిన్న ఆగాను. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక ముందు బీపీ చూపించుకున్నాను. తర్వాత 6:10 సంగతి, రెప్పల సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పెన్ను తీసి ఆ మూడు పరీక్షలు ఎలా చేయాలో మళ్లీ చెప్పమన్నారు. గోడ మీద క్యాలెండరు వెనక రాసుకున్నారు. బీపీ చూసినందుకు డబ్బులు మాత్రం తీసుకున్నారు.

కల్లానికి ఇప్పుడు నులక మంచం, దోమతెర కొన్నాను. తెర అంచులు పరుపు కిందికి దోపాలని ఆసుపత్రిలో చెప్పి పంపారు. నాన్న పడుకున్నాక పదింటికి నేనే వెళ్లి దోపి వస్తున్నాను. నిన్న రాత్రి రెండింటికి మెలకువ వచ్చి టార్చి తీసుకుని వెళ్లి చూస్తే, ఉక్కపోస్తోందని ఒక కాలు తెర బయటికి పెట్టి, పాదం నేలకు ఆనించి నిద్రపోతున్నాడు.